రాయి పడిన చోటు



సంక్రాంతికి వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తారు. చుక్కలు పెట్టి, నలుగురూ నాలుగు పక్కల కూర్చుంటారు. ముగ్గు మధ్యలో కూర్చుని గీసే మనిషికి తన చేతి కింద ఉన్న నాలుగు గీతలే కనిపిస్తాయి. ఎక్కడ వంకర పోయిందో తెలియదు. అదే మిద్దె ఎక్కి తొంగి చూస్తే ముగ్గంతా ఒక్కసారే కళ్ళ ముందు ఉంటుంది.

భూమి సంగతీ అంతే. భూమి మీద కొన్ని చోట్ల పెద్ద పెద్ద గుండ్రటి గుర్తులున్నాయి. కొన్నింటి లోపల ఊళ్ళున్నాయి. పొలాలున్నాయి. తరతరాలుగా అక్కడ కాపురాలు చేస్తున్న వాళ్ళకి కూడా తాము ఒక గుండ్రటి గీత లోపల ఉన్నామని తెలియలేదు. విమానాలు వచ్చాక, ఉపగ్రహాలు వచ్చాక, పైనుంచి ఫోటోలు తీశాక చాలా గుర్తులు బయటపడ్డాయి. ఇవాళ చెప్పుకోబోయేది వాటి గురించే.

ఆ గుర్తులు ఎలా పడ్డాయి? ఆకాశం నుంచి రాళ్ళు పడి.

రాత్రిపూట ఆరుబయట పడుకున్నప్పుడు ఆకాశంలో సర్రున ఒక వెలుగు గీత పోతుంది. "చుక్క రాలింది" అంటాం. ఎవరో పోయారని అనేవాళ్ళు కూడా ఉన్నారు. రాలింది చుక్క కాదు. చుక్కలంటే మన సూర్యుడిలాంటివి. దూరంగా ఉన్నాయి కాబట్టి చిన్నగా కనిపిస్తాయి. అలాంటిది ఒక్కటి మీద పడితే చెప్పుకోడానికి ఎవరూ మిగలరు. రాలింది చిన్న రాయి. చాలాసార్లు ఇసుక రేణువంతే ఉంటుంది. మహా అయితే కందిగింజంత. అంత జోరులో వచ్చి గాలిని గుద్దుకునేసరికి భగ్గున మండి మసైపోతుంది. దాన్ని ఉల్క అంటారు.

ఎంత జోరు? సెకనుకి 15, 20 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకి బస్సులో అయిదారు గంటలు పడుతుంది కదా! అంత దూరం ఆ రాయి 15, 20 సెకన్లలో దాటేస్తుంది. బస్సు ఎక్కి చిల్లర వెతుక్కునేలోపు విజయవాడ వచ్చేసినట్టు.

చిన్న రాళ్ళు కాలిపోతాయి. ఎప్పుడో, వేల ఏళ్ళకో లక్షల ఏళ్ళకో ఒకసారి, మేడంత రాయి వస్తుంది. కొండంత రాయి కూడా వస్తుంది. దాన్ని గాలి ఆపలేదు. అది నేలను తాకగానే బాంబులా పేలుతుంది. రాయీ, కింద నేలా కలిసి ఎగిరిపోతాయి. అక్కడ గుండ్రటి గుంత మిగులుతుంది. ఈ గుంతనే ఉల్కా బిలం అంటారు.

ఇది ఇంట్లో చేసి చూడొచ్చు. ఒక పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన పిండి పోయండి. పైన కాస్త పసుపు పల్చగా చల్లండి. నిలబడి ఒక గోలీని వదలండి. గుంత పడుతుంది. గుంత చుట్టూ పిండి గట్టులా లేస్తుంది. లోపలి తెల్లపిండి పసుపు మీదికి చిమ్ముతుంది. నేల మీద రాయి పడ్డప్పుడూ ఇదే జరుగుతుంది. ఒక్క తేడా ఉంది. గోలీని ఏటవాలుగా విసిరితే పిండిలో గుంత కోలగా పడుతుంది. ఆకాశం రాయి ఏటవాలుగా వచ్చినా గుంత చాలామటుకు గుండ్రంగానే ఉంటుంది. ఎందుకంటే అది గుచ్చుకోదు, పేలుతుంది. పేలుడు అన్ని పక్కలకీ సమానంగా పోతుంది.

చందమామను దుర్భిణితో చూస్తే ఒళ్ళంతా ఇలాంటి గుంతలే. మన పెద్దవాళ్ళు చందమామలో కుందేలు ఉందంటారు చూడండి, ఆ నల్లమచ్చలు కూడా చాలావరకు పెద్ద రాళ్ళు పడ్డ పల్లాలే. తర్వాత వాటిలోకి లోపలి నుంచి కరిగిన రాయి వచ్చి నిండి, నల్లగా గట్టిపడింది. మరి చందమామ మీద అన్ని గుంతలుంటే భూమి మీద సుమారు 200 మాత్రమే ఎందుకు దొరికాయి? ఇక్కడ కూడా రాళ్ళు పడ్డాయి. కానీ ఇక్కడ వాన ఉంది, ఏరు ఉంది, గాలి ఉంది, చెట్టు ఉంది. అలికిన ఇంట్లో పాత మరకలు కనిపించనట్టు, భూమి తన మరకల్ని తనే చెరిపేసుకుంటుంది. చందమామ మీద అలికేవాళ్ళు లేరు.

మనకు దగ్గరలో ఉన్న గుంత లోణార్. మహారాష్ట్రలో బుల్దానా జిల్లాలో ఉంది. ఒకప్పుడు ఆ బేరారు ప్రాంతం హైదరాబాదు నిజాం రాజ్యంలోదే. గుంత అడ్డం 1.8 కిలోమీటర్లు. గట్టు మీద చుట్టూ నడిస్తే దాదాపు 6 కిలోమీటర్లు. లోతు సుమారు 150 మీటర్లు. ఏడెనిమిది తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత లోతన్నమాట. అడుగున చెరువు ఉంది. నీళ్ళు ఉప్పన, పైగా చాకిరేవు సోడాలా జారుడు. తాగడానికి పనికిరావు. ఈ చెరువు నుంచి గాజుకీ, సబ్బుకీ కావలసిన సరుకు దొరుకుతుందని అక్బరు కాలంలో రాసిన అయినీ అక్బరీలోనే ఉంది.

అక్కడి వాళ్ళు ఒక కథ చెబుతారు. లోణాసురుడనే రాక్షసుడు నేల కింద దాక్కుని జనాన్ని పీడించేవాడు. విష్ణుమూర్తి వచ్చి వాడిని చంపాడు. ఆ గుంత వాడు దాక్కున్న చోటు. ఊళ్ళో దైత్యసూదనుడి గుడి ఉంది. గుంత లోపల చెరువు ఒడ్డున కమలజా దేవి గుడి ఉంది. నవరాత్రులకి ఆడవాళ్ళు గట్టు దిగి వెళ్ళి అమ్మవారిని చూసి వస్తారు.

1823లో ఒక ఆంగ్ల అధికారి ఈ చెరువు గురించి రాశాడు. ఆ తర్వాత చాలామంది పండితులు వచ్చి చూశారు. ఇది అగ్నిపర్వతం నోరు అన్నారు. వాళ్ళు అలా అనడానికి కారణం ఉంది. లోణార్ చుట్టూ ఉన్నది నల్లరాయి. ఎప్పుడో 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాడు భూమి లోపల నుంచి కరిగి పారి గట్టిపడిన రాయి. మన ఆదిలాబాదు, వికారాబాదు పక్కల నల్లరేగడి కింద ఉన్నదీ ఆ రాయే. నిప్పులో పుట్టిన రాయి మధ్య గుంత ఉంటే నిప్పుకొండ అనుకోవడం సహజమే కదా!

మరి నిజం ఎలా తేలింది? 1970ల మొదట్లో మన దేశం వాళ్ళూ, అమెరికా వాళ్ళూ కలిసి గుంత అడుగున బోర్లు వేశారు. మన పొలాల్లో బోరు వేసినట్టే. పైకి వచ్చిన రాళ్ళను కోసి చూశారు. అందులో కొన్ని గింజలు కరగకుండానే గాజులా మారి ఉన్నాయి. నిప్పుకొండ వేడికి రాయి కరుగుతుంది. కానీ కరగకుండా, ఉన్నచోటే, ఒక్క దెబ్బకి గాజు కావాలంటే మామూలు ఒత్తిడి చాలదు. పైనుంచి పడ్డ రాయి దెబ్బకే అది సాధ్యం. 1973లో ఈ సంగతి లోకానికి చెప్పారు. రాయి పడి 50 వేల ఏళ్ళయిందని మొదట ఒక లెక్క వేశారు. తర్వాత ఇంకో పద్ధతిలో లెక్క వేస్తే 5 లక్షల 70 వేల ఏళ్ళని వచ్చింది.

2020 జూన్‌లో ఆ చెరువు నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. ఏదో అరిష్టమని అన్నవాళ్ళు అన్నారు. ఎండకి నీరు తగ్గింది, ఉప్పు పెరిగింది, ఉప్పులో బతికే కంటికి కనిపించని జీవులు పెరిగి ఆ రంగు తెచ్చాయి. పుణె నగరంలోని పరిశోధకులు నీళ్ళను పరీక్ష చేసి ఇది తేల్చారు.

ఇలాంటి తగాదానే అమెరికాలోనూ నడిచింది. అక్కడ అరిజోనా అనే రాష్ట్రంలో ఎడారిలో ఒక గుంత ఉంది. అడ్డం 1.2 కిలోమీటర్లు. బారింజర్ అనే ఆయన 1903లో అక్కడ గని పని మొదలుపెట్టాడు. ఆకాశం నుంచి పెద్ద ఇనుప ముద్ద పడిందని, అది అడుగున ఉంటుందని, తవ్వి అమ్ముకోవచ్చని ఆయన ఆశ. పాతికేళ్ళు తవ్వాడు. ఆస్తంతా పోసాడు. ముద్ద దొరకలేదు. 1929లో కన్నుమూశాడు. పాపం, ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. ఇనుప రాయి పడింది, సుమారు 50 వేల ఏళ్ళ కిందట. కానీ అది పేలి, కరిగి, ఆవిరై చాలామటుకు చెదిరిపోయింది. లేని ముద్ద కోసం ఆయన అంత లోతు తవ్వాడు.

బారింజర్ పోయిన ముప్పై ఏళ్ళకి యూజీన్ షూమేకర్ అనే శాస్త్రవేత్త ఆ గుంతలో ఇసుకరాయి ముక్కలు ఏరాడు. ఆయన, ఆయన తోటివాళ్ళు వాటిని పరీక్ష చేశారు. భయంకరమైన ఒత్తిడికి నలిగితే తప్ప పుట్టని ఒక ఖనిజం అందులో దొరికింది. 1960లో దాంతో ఆ తగాదా తీరింది.

ఆ షూమేకరే జర్మనీ వెళ్ళాడు. అక్కడ నోర్డ్‌లింగెన్ అనే పాత పట్నం ఉంది. ఆ పట్నం ఒక పెద్ద గుండ్రటి పల్లం లోపల ఉంది. పల్లం అడ్డం 24 కిలోమీటర్లు. అది కూడా నిప్పుకొండే అని అప్పటిదాకా చాలామంది చెబుతున్నారు. ఆ పట్నంలో చర్చిని పక్కనే దొరికే రాయితో కట్టారు. ఆ రకం రాయిలో కూడా అరిజోనాలో దొరికిన ఖనిజమే ఉందని తేలింది. అంటే ఆకాశం దెబ్బ తిన్న రాయితోనే జనం గుడి కట్టుకున్నారు. వందల ఏళ్ళుగా ఆ గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు ఎంతమందో! ఏ ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

ఇక పైనుంచి చూసిన వాళ్ళ సంగతి.

రోదసిలోకి వెళ్ళిన వ్యోమగాములకి కెనడా దేశం మీదుగా పోతుంటే ఒక గుండ్రటి చెరువు కనిపిస్తుంది. చెరువంటే మన చెరువులా నిండుగా కాదు. కంకణంలా. మధ్యలో నేల, చుట్టూ నీళ్ళు. దాని పేరు మనికువాగన్. అడ్డం సుమారు 70 కిలోమీటర్లు. 21 కోట్ల ఏళ్ళ కిందట పడ్డ రాయి గుర్తు అది. 1960లలో అక్కడ నది మీద పెద్ద ఆనకట్ట కట్టారు. నీళ్ళు వెనక్కి తన్ని పల్లంగా ఉన్న చోటల్లా నిండాయి. పాత గాయం గుండ్రంగా నీళ్ళతో మెరిసింది. చలికాలంలో గడ్డకట్టి తెల్లటి కంకణం అవుతుంది.

అయితే గుండ్రంగా కనిపించిందల్లా రాయి దెబ్బే అనుకోకూడదు. ఆఫ్రికాలో మారిటేనియా దేశంలో, సహారా ఎడారిలో, 40 కిలోమీటర్ల అడ్డం ఉన్న గుండ్రటి వలయాలున్నాయి. ఒకదానిలో ఒకటి, గాజుల వరసలా. 1965లో వ్యోమగాములు దాన్ని ఫోటో తీశారు. చూసినవాళ్ళు ఇది ఖాయంగా ఉల్కా బిలమే అనుకున్నారు. మనుషులు అక్కడికి వెళ్ళారు. రాళ్ళు ఏరారు. ఎంత వెతికినా దెబ్బ తిన్న గింజ ఒక్కటీ దొరకలేదు. నేల లోపల నుంచి గుమ్మటంలా ఉబ్బి, ఆ ఉబ్బు అరిగిపోయి, పొరలు వలయాలుగా బయటపడ్డాయని తేలింది. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే పొరలు కనిపించినట్టు. పైనుంచి చూసిన కన్ను దారి చూపిస్తుంది. సాక్ష్యం చెప్పేది మాత్రం చేతిలో పట్టుకున్న రాయి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద కథ. మెక్సికో దేశంలో యుకటాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ మాయా జాతి వాళ్ళు ఉంటారు. ఆ ప్రాంతం ఉత్తరాన ఏరు లేదు, వాగు లేదు. నేలంతా సున్నపురాయి. వాన పడితే నీళ్ళు ఇంకిపోతాయి. మరి మనుషులు ఎలా బతికారు? అక్కడ సున్నపురాయి కరిగి, పైకప్పు కూలి, సహజంగా ఏర్పడ్డ బావులున్నాయి. లోపల చల్లటి మంచినీళ్ళు. ఊరు పుట్టిందంటే బావి పక్కనే పుట్టింది. నీళ్ళకి వెళ్ళే మనిషికి తన ఊరి బావి తెలుసు. పొరుగూరి బావి తెలుసు. పుట్టింటి ఊరి బావి తెలుసు. అంతే. మన దగ్గర మాత్రం ఎవరికి ఎన్ని బావులు తెలుసు?

1990ల మొదట్లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ ప్రాంతం ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని చూశారు. వాళ్ళలో ఒకామె అడ్రియానా ఓకాంపో. కొలంబియాలో పుట్టింది. అర్జెంటీనాలో పెరిగింది. అమెరికాలో నాసా సంస్థలో పనిచేసింది. చిత్రంలో బావులు చిన్న చిన్న చుక్కల్లా కనిపించాయి. ఆ చుక్కలు ఇష్టం వచ్చినట్టు లేవు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు, ఒక పెద్ద అర్ధచంద్రం మీద వరసగా ఉన్నాయి. ఒక కొస నుంచి ఇంకో కొసకి 150 కిలోమీటర్ల పైమాటే. రెండు కొసలూ సముద్రం ఒడ్డున ఆగాయి. మిగతా సగం గుండ్రం సముద్రంలో ఉంది.

అప్పటికే అక్కడ నేల లోపల ఏదో పెద్ద గుండ్రటిది ఉందని చమురు వెతికేవాళ్ళకి 1978 నుంచి తెలుసు. అది అంత లోతున ఉంటే పైన బావులు వరసలో ఎలా వచ్చాయి? రాయి పడినప్పుడు నేల గుండ్రంగా చిట్లింది. తర్వాత కోట్ల ఏళ్ళపాటు దాని మీద సున్నపురాయి పేరుకుని ఒక కిలోమీటరు లోతున కప్పేసింది. అయినా కింద చిట్లిన గీత వెంబడే నీళ్ళు పారాయి. నీళ్ళు పారిన చోట రాయి కరిగింది. కరిగిన చోట బావి పడింది. రాయి పడింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట. దాని అడ్డం 10 కిలోమీటర్ల పైన. గుంత అడ్డం సుమారు 180 కిలోమీటర్లు.

ఆ రోజు లేచిన దుమ్మూ మసీ భూమి చుట్టూ కమ్ముకున్నాయి. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఎండ సరిగ్గా పడలేదు. మొక్కలు చచ్చాయి. మొక్కలు తినేవి చచ్చాయి. వాటిని తినేవి చచ్చాయి. భూమి మీద ఉన్న జీవజాతుల్లో నాలుగింట మూడు వంతులు అంతరించాయి. పెద్ద పెద్ద రాక్షసబల్లులు పోయింది అప్పుడే. ఎలుకంత, పిల్లంత ఉండి, బొరియల్లో దాక్కుని, దొరికింది తిన్న కొన్ని ప్రాణులు మిగిలాయి. పాలిచ్చి పిల్లల్ని పెంచే ఆ చిన్న ప్రాణుల నుంచే కాలక్రమంలో ఆవులు వచ్చాయి, కోతులు వచ్చాయి, మనుషులు వచ్చారు. రాక్షసబల్లుల వంశం కూడా పూర్తిగా పోలేదు. వాటిలో రెక్కలున్న ఒక శాఖ మిగిలింది. పెరట్లో గింజలు ఏరుకునే కోడి ఆ వంశమే. నమ్మకం కుదరకపోతే దాని కాళ్ళ మీద పొలుసులు చూడండి.

ఆస్ట్రేలియా దేశం మధ్యలో త్నోరాలా అనే చోటు ఉంది. ఎర్రటి మైదానంలో 5 కిలోమీటర్ల అడ్డం ఉన్న కొండల వలయం. పైనుంచి చూస్తే నేల మీద పెట్టిన చుట్టకుదురులా ఉంటుంది. అక్కడి ఆదివాసులు అరెర్న్‌టే వాళ్ళు. వాళ్ళ కథ ఇది. లోకం మొదట్లో ఆడవాళ్ళు చుక్కలై పాలపుంతలో ఆడుతున్నారు. ఒక తల్లికి చంటిబిడ్డ ఉంది. బిడ్డను చెక్కతొట్టెలో పడుకోబెట్టి, పక్కన పెట్టి, ఆటలో కలిసింది. ఆడుతూ ఉంటే తొట్టె జారింది. బిడ్డతో సహా భూమి మీద పడింది. ఆ దెబ్బకి నేల చుట్టూ లేచి ఆ కొండలయ్యాయి. తల్లి సాయంత్రపు చుక్కయి, తండ్రి వేగుచుక్కయి ఇప్పటికీ బిడ్డను వెతుకుతున్నారట.

శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా ఆకాశం నుంచి పడిందనే. 14 కోట్ల 20 లక్షల ఏళ్ళ కిందట. అప్పటికి మనుషులు లేరు, కాబట్టి ఆ పడటం చూసినవాళ్ళు లేరు. ఆ నేలను కళ్ళారా చూసి, కొండలు చుట్టూ ఎందుకు నిలబడ్డాయని ఆలోచించిన వాళ్ళు అల్లుకున్న కథ అది. అందులో ఆడిపాడే చుక్కలు ఆడవాళ్ళు కావడం, పనిలోనో ఆటలోనో ఉన్నప్పుడు బిడ్డ జారిపోతుందేమోనన్న భయం ఉండటం గమనించండి. కూలికి పోయి గట్టు మీద చెట్టుకి ఉయ్యాల కట్టిన తల్లులకి ఆ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కరలేదు.

ఇందాక చెప్పుకున్న షూమేకర్, ఆయన భార్య కెరోలిన్ ఏటా ఆస్ట్రేలియా వెళ్ళి ఇలాంటి గుంతలు వెతికేవారు. కెరోలిన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆమె కాలేజీలో చదివింది చరిత్ర, సాహిత్యం. సైన్సు కాదు. కొన్నాళ్ళు బడిలో పాఠం చెప్పింది. ముగ్గురు పిల్లల్ని పెంచింది. పిల్లలు పెద్దవాళ్ళయి ఎవరి దారిన వాళ్ళు పోయాక, ఇంట్లో తోచక, ఏం చేయాలని భర్తను అడిగింది. ఆకాశం ఫోటోలు చూడమన్నాడు. అప్పటికి ఆమెకు 51 ఏళ్ళు.

పని ఏమిటంటే, ఆకాశంలో ఒకే చోటును కాసేపు ఆగి రెండుసార్లు ఫోటో తీస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూడాలి. చుక్కలు కదలవు. రాయి గానీ, తోకచుక్క గానీ ఉంటే కొంచెం జరుగుతుంది. ఆ జరిగిన నలుసును పట్టుకోవాలి. బియ్యంలో రాయి ఏరినట్టు. ఓపిక కావాలి, కన్ను కావాలి. కెరోలిన్ అలా చూసి చూసి 32 తోకచుక్కలు కనిపెట్టింది. ఆ కాలంలో అన్ని తోకచుక్కలు కనిపెట్టిన వాళ్ళు ఇంకొకరు లేరు. 1993లో ఆమె కంట పడ్డ ఒక తోకచుక్క ముక్కలు ముక్కలుగా ఉంది. 1994 జూలైలో ఆ ముక్కలు వరసగా వెళ్ళి గురుగ్రహానికి కొట్టుకున్నాయి. గురుడి మీద భూమికంటే పెద్ద నల్లమచ్చలు పడ్డాయి. రాయి పడితే ఏమవుతుందో మనుషులు మొదటిసారి కళ్ళతో చూశారు.

1997 జూలైలో ఆస్ట్రేలియాలో గుంతలు వెతకడానికి పోతుంటే ఎదురుగా వచ్చిన బండి గుద్దుకుని షూమేకర్ చనిపోయాడు. కెరోలిన్‌కి గాయాలయ్యాయి. కోలుకుని మళ్ళీ పనిలో కూర్చుంది. ఆయన బూడిదలో కొంత ఒక నౌకలో పెట్టి చందమామకు పంపారు. 1999లో అది చందమామ మీద పడింది. కెరోలిన్ 2021లో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

మరి అలాంటి రాయి మళ్ళీ పడుతుందా? ఈ ప్రశ్న వేయకుండా ఎవరూ ఉండరు. వేయాలి కూడా.

1979లో మన ఊళ్ళల్లో ఏం జరిగిందో పెద్దవాళ్ళని అడగండి. అమెరికా వాళ్ళు పైకి పంపిన స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం కూలిపోతోందని రేడియోలో వచ్చింది. అది ఎక్కడ పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేకపోయారు. ఆ సందులో పుకార్లు పుట్టాయి. ఎలాగూ చచ్చిపోతామని కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళున్నారు. ఉన్నది అయినకాడికి అమ్ముకున్నవాళ్ళున్నారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు పొద్దున్న మేకలు అమ్ముకున్నవాళ్ళకి మేకలు లేవు, కొన్నవాళ్ళకి మాత్రం లాభం మిగిలింది. పుకారు పుట్టినప్పుడు ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు అని చూడటం మంచిది.

ఇంకొకటి నిజంగా జరిగింది. 2013 ఫిబ్రవరి 15. రష్యాలో చెల్యాబిన్‌స్క్ అనే నగరం. పొద్దున తొమ్మిది దాటింది. ఆకాశంలో సూర్యుడిని మించిన వెలుగు. సుమారు 20 మీటర్ల రాయి, 30 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. చప్పుడు మాత్రం వెంటనే రాలేదు. వెలుగేమిటా అని జనం కిటికీల దగ్గరికి పరుగెత్తారు. నిమిషం, రెండు నిమిషాలు గడిచాక పేలుడు గాలి వచ్చి కొట్టింది. కిటికీ అద్దాలు పగిలి ముఖాల మీద పడ్డాయి. సుమారు 1,500 మంది గాయపడ్డారు. ఒక్కరు కూడా చనిపోలేదు.

ఆ నగరంలో ఒక బడి. నాలుగో తరగతి. వెలుగు చూడగానే పంతులమ్మ పిల్లలందరినీ బల్లల కిందికి దూరమంది. ఏమిటో ఆమెకీ తెలియదు. కానీ అంత వెలుగు వెనక ఏదో వస్తుందని తోచింది. అద్దాలు పగిలాయి. పిల్లలకి ఎవరికీ ఏమీ కాలేదు. బల్ల కింద దూరకుండా నిలబడ్డ ఆమె చెయ్యి మాత్రం తెగింది. మెరుపు ముందు, ఉరుము తర్వాత అని మనకూ తెలుసు. పిడుగైనా, పేలుడైనా, వెలుగు కనబడ్డాక కిటికీ దగ్గరికి పోకూడదు.

ఆ రాయి పెద్ద ముక్క ఒకటి గడ్డకట్టిన చెరువులో పడింది. మంచులో గుండ్రటి కన్నం మిగిలింది. నేల మీద బిలం పడలేదు. అలాంటి రాళ్ళు పడటం అరుదు. యుకటాన్‌లో పడ్డంత పెద్దది ఎన్నో కోట్ల ఏళ్ళకి ఒకసారి. పెద్ద రాళ్ళను దుర్భిణులతో ముందే గుర్తుపట్టి దారులు లెక్క కడుతున్నారు. 2022 సెప్టెంబరు 26న నాసా వాళ్ళు ఒక చిన్న నౌకను దూరంగా ఉన్న ఒక రాతి మీదికి కావాలని గుద్దించారు. ఆ రాయి ఇంకో పెద్ద రాయి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. గుద్దక ముందు ఒక చుట్టుకి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. గుద్దాక అరగంట పైగా తగ్గింది. అంటే ముందుగా తెలిస్తే రాయిని పక్కకి నెట్టవచ్చని రుజువయింది.

ఇప్పుడు మీ చేతుల్లోకి వద్దాం. ఇంట్లో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర పెద్ద ఫోను ఉంటుంది. అందులో మ్యాపు తెరవమనండి. ఉపగ్రహం తీసిన బొమ్మ పెట్టమనండి. పేరు కొట్టే పని మాత్రం మీరే చేయండి. లో, ణా, ర్. లోణార్ సరస్సు అని పూర్తిగా కొట్టండి. మ్యాపు నేరుగా అక్కడికి పోతుంది. పొలాల మధ్య గుండ్రటి గుంత, చుట్టూ పచ్చటి చెట్లు, మధ్యలో నీళ్ళు, అంచున ఊరి ఇళ్ళు కనిపిస్తాయి. రెండు వేళ్ళతో దగ్గరికి లాగితే గట్టు నీడ కూడా కనిపిస్తుంది. తర్వాత మనికువాగన్ కొట్టి చూడండి. అది బాగా పెద్దది. ఈసారి వేళ్ళతో దూరంగా జరపాలి, అప్పుడు గానీ కంకణమంతా తెరలో పట్టదు.